లింగవచన సమన్వయం, భాషాభ్యసనం: గొల్లపల్లి బడి నుండి పాలి పాఠం వరకు

దక్షిణ బస్తర్‌లో, నేటి సుక్మా జిల్లా కొంటా తహసీలులో గొల్లపల్లి అనే గ్రామం ఉంది. ఊరి పేరు తెలుగు. ఊరి చుట్టుపక్కల వినిపించే మాటలు దోర్ల, కోయ, గోండి. బడిలో పాఠ్యపుస్తకం హిందీ. సంతకో, వైద్యానికో, మిరపచేలలో కూలిపనికో తెలంగాణ వైపు వస్తే తెలుగు కావాలి. 2005 తరువాత దక్షిణ బస్తర్‌లో చెలరేగిన హింస కారణంగా అనేక కుటుంబాలు నాటి ఖమ్మం జిల్లా అడవులకు తరలివచ్చాయి. వారి పిల్లలలో చాలామంది తెలుగు మాధ్యమపు బడులలో కూర్చున్నారు. ఇలాంటి చోట ఒక బిడ్డకు పదేళ్ళు నిండేలోగా మూడు భాషల వ్యాకరణాలు ఎదురవుతాయి. ఆ మూడింటిలోనూ ఒకే ప్రశ్నకు మూడు వేర్వేరు సమాధానాలు ఉన్నాయి. ఎవరు వచ్చారన్నదాన్ని బట్టి ‘వచ్చు’ అనే క్రియ ఎలా మారాలి అన్నదే ఆ ప్రశ్న.

ఈ మార్పునే వ్యాకరణంలో సమన్వయం అంటారు. పాలి నేర్చుకొనే భిక్షువుకూ, ప్రాకృత శాసనం చదివే పరిశోధకునికీ, అడవి గ్రామంలో వృద్ధుల నోటి చరిత్రను నమోదు చేసే కార్యకర్తకూ ఎదురయ్యే చిక్కు ఇదే. సమన్వయం అర్థం కానిచోట బిడ్డకు మందబుద్ధి అనే ముద్ర పడుతుంది, శాసనంలోని భిక్షుణి భిక్షువుగా మారుతుంది, స్త్రీల బృందం అనువాదంలో వస్తువుల గుంపవుతుంది. అందువల్ల ఈ విషయాన్ని మొదటి నుండి పరిశీలించడం అవసరం.

సమన్వయం అంటే ఏమిటి?

ఒక వాక్యంలోని ఒక పదం తన లింగాన్ని, వచనాన్ని, పురుషను మరొక పదం మీద ముద్రించడమే సమన్వయం. ‘అతడు వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’, ‘వారు వచ్చారు’, ‘అవి వచ్చాయి’ అన్నప్పుడు వచ్చిన వ్యక్తి లక్షణం కర్తలోనే గాక క్రియ చివరన కూడా కనిపిస్తుంది. పైచూపుకు ఇది పునరుక్తి. కాని భాషకు ఈ పునరుక్తి వల్ల రెండు ప్రయోజనాలు కలుగుతాయి. మొదటిది, కర్తను చెప్పకుండా వదిలివేయవచ్చు. ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అక్కరలేదు. పాలిలో ‘గచ్ఛామి’ అన్నప్పుడు ‘అహం’ అక్కరలేకపోవడానికీ కారణం ఇదే. రెండవది, పదాలు దూరదూరంగా ఉన్నా ఏది దేనికి చెందినదో వినేవారు పోల్చుకోగలరు. పద్యంలోనూ, పాలి గాథలోనూ పదక్రమం స్వేచ్ఛగా మారగలుగుతున్నదంటే సమన్వయం వాటిని కట్టి ఉంచడమే అందుకు ముఖ్య కారణాలలో ఒకటి.

తెలుగులో సమన్వయం అన్ని చోట్లా సమానంగా లేదు. ‘మంచి బాలుడు’, ‘మంచి బాలిక’, ‘మంచి చెట్టు’ అన్నప్పుడు విశేషణం మారదు. ‘రాలేదు’ అనే రూపం ఆరు పురుషవచనాలకూ ఒక్కటే. అయితే నామం ఆఖ్యాతంగా నిలిచినప్పుడు మాత్రం పురుషను తెలిపే ప్రత్యయం చేరుతుంది: ‘నేను భిక్షువును’, ‘మేము భిక్షువులము’. సంఖ్యావాచకాలలో కూడా మనుష్యులకు ‘ముగ్గురు’, ఇతరాలకు ‘మూడు’ అనే భేదం ఉంది. తెలుగు మాతృభాషగా గలవారికి ఇవన్నీ తెలియకుండానే వస్తాయి. బయటినుండి వచ్చేవారు ఒక్కొక్కటిగా కట్టుకోవలసి ఉంటుంది.

ఆరు గళ్ళ పట్టిక

తెలుగు వ్యాకరణ సంప్రదాయం నామాలను మహత్తులు, అమహత్తులు అని విభజించింది. పురుషులను, దేవతాపురుషులను తెలిపేవి మహద్వాచకాలు. జంతువులను, వస్తువులను తెలిపేవి అమహద్వాచకాలు. స్త్రీలను తెలిపే మహతీవాచకాల స్థానం విచిత్రమైనది. ఏకవచనంలో అవి అమహత్తులతో చేరి ‘ఆమె వచ్చింది’, ‘బండి వచ్చింది’ అనే ఒకే క్రియను పంచుకొంటాయి. బహువచనంలో మహత్తులతో చేరి ‘స్త్రీలు వచ్చారు’, ‘పురుషులు వచ్చారు’ అనే ఒకే క్రియను పొందుతాయి. బాలవ్యాకరణం చదివిన ప్రతి విద్యార్థికీ ఈ వ్యవస్థ పరిచితమే.

కోయ, గోండి మాండలికాలలో వ్యవస్థ ఇంకొక తీరుగా ఉంటుంది. అక్కడ ఏకవచనంలోనూ, బహువచనంలోనూ విభజన ఒక్కటే: ఒకవైపు పురుషులు, మరొకవైపు మిగిలినవన్నీ. గోండిలో స్త్రీకీ వస్తువుకూ ఏకవచనంలో ‘అద్’, బహువచనంలో ‘అవ్’ అనే సర్వనామాలు ఉన్నాయి. ఇవి తెలుగు ‘అది’, ‘అవి’ అనే మాటలకు దగ్గరి చుట్టాలు. స్త్రీలు మాత్రమే ఉన్న బృందానికి ‘అవ్’ వస్తుంది. పురుషులు ఉన్నా, స్త్రీపురుషులు కలిసి ఉన్నా పురుష బహువచన రూపం వస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనంలో, మూల ద్రావిడంలోని లింగవ్యవస్థ ఈ రెండవ తీరుదే కావచ్చునని ప్రతిపాదించారు. ఆ దృష్టితో చూస్తే గోండి పాత పద్ధతిని నిలుపుకొన్న భాష, తెలుగు దానిని మార్చుకొన్న భాష.

బస్తర్‌లోనే ధుర్వా ప్రజలు మాట్లాడే పర్జీ భాష మరొక మెలికను చూపుతుంది. టి. బరో, సుధీభూషణ్ భట్టాచార్య 1953లో ప్రచురించిన ‘ది పర్జీ లాంగ్వేజ్’ గ్రంథం ఈ భాషకు ప్రామాణిక వర్ణన. పర్జీలో ఇద్దరు పురుషులకు ‘ఇరుల్’, ఇద్దరు స్త్రీలకు ‘ఇరల్’, రెండు వస్తువులకు ‘ఇర్డు’ అనే వేర్వేరు సంఖ్యావాచకాలు ఉన్నాయి. సర్వనామంలోనూ క్రియలోనూ స్త్రీని ఇతరాలతో కలిపిన భాషే, లెక్కపెట్టేటప్పుడు ఆమెను విడిగా గుర్తిస్తున్నది. కాబట్టి వ్యాకరణపు గడిని చూసి ఆ సమాజం స్త్రీని ఏమనుకొంటున్నదో తీర్పు చెప్పరాదు. తెలుగులో స్త్రీకీ బండికీ ఒకే క్రియ ఉన్నంత మాత్రాన తెలుగువారు స్త్రీని బండిగా భావిస్తున్నారని ఎవరూ అనరు కదా.

ఇప్పుడు పురుషుడు, స్త్రీ, వస్తువు అనే మూడు వరుసలతో, ఏకవచనం, బహువచనం అనే రెండు నిలువులతో ఆరు గళ్ళ పట్టికను ఊహించుకోవచ్చు. తెలుగునూ గోండినీ ఆ పట్టికలో పక్కపక్కన పెడితే అయిదు గళ్ళలో రెండు భాషల విభజనా ఒక్కటే. ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఒక వస్తువు, అనేక పురుషులు, అనేక వస్తువులు అనే అయిదింటిలోనూ కోయ బిడ్డ తన మాతృభాష చూపిన దారిలోనే తెలుగులో నడవవచ్చు. తేడా ఒక్క గడిలోనే ఉంది, అది స్త్రీల బహువచనం. అక్కడ మాతృభాషా పద్ధతి ‘ఆడపిల్లలు వచ్చాయి’ అనే వాక్యం వైపు లాగుతుంది. తెలుగు ఉపాధ్యాయుని చెవికి ఇది ఘోరమైన దోషం, కొన్నిసార్లు అవమానం కూడా. బిడ్డ మనసులో మాత్రం ఇది పూర్తిగా క్రమబద్ధమైన వాక్యం.

బోధనకు ఈ పట్టిక చెప్పే పాఠం స్పష్టం. మొత్తం క్రియాపద రూపావళిని మొదటినుండి వల్లింపజేయడం కంటె, భేదించే ఆ ఒక్క గడిని ఎత్తి చూపడం మేలు. ‘ముగ్గురు అక్కలు వచ్చారు’, ‘మూడు ఆవులు వచ్చాయి’ వంటి జంట వాక్యాలు పదేపదే వినిపిస్తే సంఖ్యావాచకమే క్రియకు దారి చూపుతుంది. ‘ముగ్గురు’ అన్న మాట విన్నప్పుడు ‘రు’తో ముగిసే క్రియ వస్తుందన్న అలవాటు బిడ్డకు దానంతట అదే ఏర్పడుతుంది.

హిందీ తరగతిలో

గొల్లపల్లి బిడ్డకు హిందీ ఇంతకంటె కఠినమైన పరీక్ష పెడుతుంది. అక్కడ సమస్య ఒక గడికి పరిమితం కాదు, పట్టిక మొత్తం కొత్తది. తెలుగులోనూ గోండిలోనూ లింగం అర్థాన్ని అనుసరిస్తుంది. ఎవరో తెలిస్తే లింగం తెలిసినట్లే. హిందీలో రొట్టె స్త్రీలింగం, నీరు పుంలింగం. ‘రోటీ’, ‘పానీ’ రెండూ ఒకే అచ్చుతో ముగుస్తాయి, వస్తువు స్వభావం చూసి లింగాన్ని ఊహించడానికి వీలులేదు. ఉత్తమ పురుషలో కూడా లింగభేదం ఉంది. తెలుగులో బాలుడైనా బాలికైనా ‘వెళుతున్నాను’ అంటారు. హిందీలో బాలుడు ‘జాతా హూఁ’ అనాలి, బాలిక ‘జాతీ హూఁ’ అనాలి. ఉపాధ్యాయుడు పురుషుడైతే, ఆయన తన గురించి చెప్పుకొన్న వాక్యాన్ని ఉన్నదున్నట్లు అనుకరించిన బాలిక తప్పు చేసినట్లవుతుంది. వినికిడి మీదనే ఆధారపడే పిల్లలకు ఇది చిన్న అడ్డంకి కాదు. ఇరుగుపొరుగున వినిపించే ఛత్తీస్‌గఢీలో క్రియకు లింగభేదం సాధారణంగా ఉండదు గనుక బడి బయట అభ్యాసానికి అవకాశమూ తక్కువ.

అన్నిటికంటె జటిలమైనది భూతకాలపు ‘నే’ నిర్మాణం. ‘రామ్ నే రోటీ ఖాయీ’, ‘సీతా నే ఆమ్ ఖాయా’ అనే వాక్యాలలో తిన్నది రాముడైనా క్రియ స్త్రీలింగంలో ఉంది, తిన్నది సీతయైనా క్రియ పుంలింగంలో ఉంది. క్రియ తిన్నవారిని వదిలి తినబడిన వస్తువుతో పొత్తు కుదుర్చుకొంది. కర్తతోనే క్రియ కలుస్తుందని మాతృభాష నేర్పిన బిడ్డకు ఇది తలకిందులైన లోకం. దీనికి ఆధారం పాలి, ప్రాకృతాల వాక్యనిర్మాణంలోనే ఉంది. ఆ విషయం కొంత ముందుకు వెళ్ళాక వస్తుంది.

తప్పు ఏమి చెబుతుంది?

భాషాభ్యసన శాస్త్రంలో ఇరవయ్యో శతాబ్దపు రెండవ సగం ఒక ముఖ్యమైన మలుపును తెచ్చింది. 1958లో జీన్ బెర్కో అర్థంలేని కల్పిత పదాలను పిల్లలకు వినిపించి, వారు ఎన్నడూ వినని ఆ పదాలకు కూడా బహువచన రూపాలు కట్టగలరని చూపారు. పిల్లలు విన్నదాన్ని తిరిగి చెప్పడంతో ఆగరు, దాని నుండి నియమాన్ని గ్రహిస్తారని ఆ ప్రయోగం తేల్చింది. 1967లో ఎస్. పి. కార్డర్, అభ్యాసకుని తప్పులు ఉపాధ్యాయునికి అమూల్యమైన సమాచారమని వాదించారు. అలసట వల్ల దొర్లే పొరపాటుకూ, అభ్యాసకుని మనసులో ఆ దశలో ఉన్న నియమాన్ని వెల్లడించే దోషానికీ ఆయన భేదం చూపారు. 1972లో లారీ సెలింకర్ ఈ మధ్యస్థ వ్యవస్థకు అంతరభాష అనే భావనను ఇచ్చారు. అభ్యాసకుని భాష మాతృభాష కాదు, లక్ష్యభాష కాదు, తనదైన క్రమం ఉన్న మూడవ వ్యవస్థ.

ఈ దృష్టితో చూస్తే ‘ఆడపిల్లలు వచ్చాయి’ అన్న బిడ్డ సమన్వయం తెలియని బిడ్డ కాదు. సమన్వయం తెలుసు గనుకనే ఆ వాక్యం వచ్చింది. బహువచనాన్ని గుర్తించింది, క్రియకు బహువచన ప్రత్యయం చేర్చింది, తన భాష చెప్పిన వర్గంలో స్త్రీలను ఉంచింది. అసలు సమన్వయమే పట్టుబడని అభ్యాసకుడు అన్నింటికీ ‘వచ్చింది’ అని ఒకే రూపం వాడతాడు. ఈ రెండు దశలకూ ఒకే ఎర్రగీత పెట్టే ఉపాధ్యాయుడు రెండవ దశకు చేరిన బిడ్డను మొదటి దశకు తోసివేసినట్లే.

సమన్వయం ఏ వరుసలో పట్టుబడుతుందన్న ప్రశ్నకు మాన్ఫ్రెడ్ పీనెమాన్ 1998లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. రెండవ భాష నేర్చేవారికి ముందు విడిపదం, తరువాత ఒకే పదబంధంలోని సమన్వయం, ఆ తరువాతే వాక్యంలో దూరదూరంగా ఉన్న పదాల మధ్య సమన్వయం అందుబాటులోకి వస్తాయని ఆ సిద్ధాంత సారాంశం. మాట్లాడే క్షణంలో మనసు ఎంత సమాచారాన్ని పట్టి ఉంచగలదన్నదే దీనికి ఆధారం. తెలుగుకు అన్వయిస్తే ‘ముగ్గురు పిల్లలు’ అనే పదబంధం ముందు కుదురుకొంటుంది. కర్తకూ క్రియకూ నడుమ కాలం, స్థలం, కర్మ తెలిపే మాటలు చేరినకొద్దీ చివరి ప్రత్యయం జారిపోతుంది. వ్రాతలో సరిగా పూరించిన అభ్యాసకుడే మాటలో తడబడడం దీనివల్లనే. నియమం తెలియడం వేరు, మాట సాగుతుండగా అది అందడం వేరు.

అభ్యాసకులు పట్టుకొనే తప్పించుకొనే దారులు కూడా గమనించదగినవి. తెలుగులో ‘రాలేదు’, ‘రావాలి’, ‘రావచ్చు’ వంటి రూపాలకు సమన్వయం అక్కరలేదు. కాబట్టి ఈ రూపాలతో నిండిన అభ్యాసకుని మాట నిర్దోషంగా వినిపించవచ్చు. అది నిర్దోషమైన భాషో, జాగ్రత్తగా ఎంచుకొన్న భాషో తెలుసుకోవాలంటే ‘వచ్చారు, వచ్చాయి’ తప్పనిసరి అయ్యే ప్రశ్న అడగాలి.

పాలి అభ్యాసకునికి

పాలి నేర్చుకొనే తెలుగు విద్యార్థి స్థితి, హిందీ నేర్చుకొనే గొల్లపల్లి బిడ్డ స్థితికి చాలా దగ్గరిది. క్రియాపదంలో పురుష, వచన సమన్వయం మాత్రం సులభంగానే వస్తుంది. ఒక్కరు శీలం యాచించేటప్పుడు ‘అహం’తో ‘యాచామి’, పలువురు యాచించేటప్పుడు ‘మయం’తో ‘యాచామ’ అని ఉపాసకులందరికీ పరిచయమే. ‘నేను వేడుకొంటాను, మేము వేడుకొంటాము’ అనే తెలుగు భేదం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ‘మయం’ అని ప్రారంభించి ‘యాచామి’ అని ముగించడం శ్రద్ధాలోపం వల్ల వచ్చే పొరపాటే తప్ప వ్యవస్థాభేదం వల్ల వచ్చేది కాదు.

కష్టం లింగంతో మొదలవుతుంది. తెలుగులో మారని విశేషణం పాలిలో మారుతుంది. ‘పురిసో గతో’, ‘ఇత్థీ గతా’, ‘చిత్తం గతం’ అన్నచోట వెళ్ళినదాని లింగం కృదంతంలోకి ప్రవేశిస్తుంది. అర్థాన్ని బట్టి లింగాన్ని ఊహించే తెలుగు అలవాటు ఇక్కడ మోసం చేస్తుంది. ‘దేవతా’ అనే పదం, ఆ దేవత పురుషరూపుడైనా, వ్యాకరణంలో స్త్రీలింగమే. దానికి చేరే విశేషణాలన్నీ స్త్రీలింగ రూపంలోనే ఉంటాయి. పదాంతం కూడా ఎల్లప్పుడూ సాయపడదు. ‘భిక్ఖు’, ‘ధేను’, ‘చక్ఖు’ మూడూ ఉకారాంతాలే. మొదటిది పుంలింగం, రెండవది స్త్రీలింగం, మూడవది నపుంసకం. ‘సో భిక్ఖు’, ‘సా ధేను’, ‘తం చక్ఖు’ అన్నప్పుడే భేదం బయటపడుతుంది. అందువల్ల పదాన్ని ఒంటరిగా కంఠస్థం చేయడం కంటె దానిముందు ‘సో’, ‘సా’, ‘తం’ చేర్చి వల్లించడం ఉపకరిస్తుంది. నేటి పరిశోధన కూడా ఈ అభిప్రాయానికి బలం చేకూర్చుతున్నది. కేసీ ల్యూ-విలియమ్స్, ఆన్ ఫెర్నాల్డ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్ళ స్పానిష్ పిల్లలు నామానికి ముందు వచ్చే లింగసూచక పదం వినగానే రాబోయే వస్తువును వేగంగా పోల్చుకొంటున్నారని తేలింది. పక్కపదంతో కలిపి నేర్చుకొన్న లింగం వినికిడికే సాయపడుతుందన్నమాట.

ఇక కర్మతో కలిసే క్రియ సంగతి. పాలిలో ‘భిక్ఖునా ధమ్మో దేసితో’, ‘భిక్ఖునా గాథా భాసితా’, ‘భిక్ఖునా వచనం భాసితం’ అనే వాక్యాలను పక్కపక్కన ఉంచితే కర్త ఒక్కడే. కృదంతం మాత్రం ధర్మం, గాథ, వచనం అనే కర్మల లింగాన్ని అనుసరించి మారింది. కర్త తృతీయా విభక్తిలో పక్కకు తప్పుకొన్నది. హిందీ ‘నే’ నిర్మాణం చారిత్రకంగా ఇలాంటి కృదంత వాక్యాల నుండి వచ్చినదే. ‘రామ్ నే రోటీ ఖాయీ’ అన్న వాక్యంలో గొల్లపల్లి బిడ్డను తికమకపెట్టే సూత్రమూ, పాలి వాక్యంలో తెలుగు శ్రామణేరుని తికమకపెట్టే సూత్రమూ ఒకే వంశానికి చెందినవి. హిందీ తెలిసిన పాలి విద్యార్థికి ఈ పోలిక చూపితే పాఠం ఒక పూటలో అర్థమవుతుంది.

గౌరవ బహువచనం మరొక జాగ్రత్త. తెలుగులో ‘గురువుగారు వచ్చారు’ అన్నప్పుడు వ్యక్తి ఒక్కరే, క్రియ బహువచనం. పాలిలో ‘భగవా’ అనే పదానికి ఏకవచన క్రియ వస్తుంది. అక్కడ అగౌరవం ఏమీ లేదు. తెలుగులోకి తెచ్చేటప్పుడు అనువాదకుడు ‘భగవానుడు పలికాడు’, ‘భగవానులు పలికారు’ అనే రెండింటిలో ఏది ఎంచుకొన్నా గ్రంథమంతటా దానికే కట్టుబడాలి. లేకపోతే మూలంలో ఒక్కరు మాట్లాడారో పలువురు మాట్లాడారో చదువరికి తెలియకుండా పోతుంది.

శాసన పాఠంలో

ఆంధ్రదేశపు బౌద్ధ క్షేత్రాలలో, అమరావతిలోనూ నాగార్జునకొండలోనూ, దాన శాసనాలలో స్త్రీల పేర్లు విరివిగా కనిపిస్తాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరపు శాసనాలలో మహాతలవరి చాంతిసిరి దానాలు నమోదయ్యాయి. అదే రాజు 14వ సంవత్సరంలో ఉపాసిక బోధిసిరి చుళధమ్మగిరి మీద తంబపణ్ణి ఆచార్యుల కోసం చైత్యగృహం నిర్మింపజేసింది. ఇటువంటి పూర్తి శాసనాలలో సందేహం ఉండదు. చిక్కు విరిగిన రాళ్ళతోనే.

దాన శాసనంలో దాత పేరు సాధారణంగా షష్ఠీ విభక్తిలో ఉంటుంది. పురుషుని పేరు తరచు ‘స’తో ముగుస్తుంది. పాలి ‘స్స’కు ఇది సమానం, ఈ శాసనాలు ద్విత్వాన్ని ఎక్కువగా ఒకే అక్షరంతో వ్రాస్తాయి. స్త్రీ పేరు ‘య’తో ముగుస్తుంది. పేరు పోయినా దానికి చేరిన బిరుదు మిగిలితే, సమన్వయం వల్ల దాత స్త్రీయో పురుషుడో తెలుస్తుంది. ‘గహపతిస’ అంటే గృహపతి దానం, ‘ఉపాసికాయ’ అంటే ఉపాసిక దానం. అయితే ‘ఆయ’ కనిపించిన ప్రతిచోటా స్త్రీ ఉందనుకోరాదు. ‘హితసుఖాయ’ వంటి పదాలలో అదే ధ్వని ప్రయోజనాన్ని తెలిపే చతుర్థీ విభక్తి. పక్కనున్న పదాలు దానితో సమన్వయిస్తున్నాయా లేదా అని చూస్తేనే భేదం తేలుతుంది.

అన్నిటికంటె సున్నితమైనది సంఘ సభ్యుల విషయం. భిక్షువుకు షష్ఠిలో ‘భిఖునో’, భిక్షుణికి ‘భిఖునియ’ వంటి రూపాలు వస్తాయి. రాయి ‘భిఖున’ దగ్గర పగిలి గుణింతపు గుర్తు చెరిగిపోతే ఆ మూడక్షరాల నుండి ఏదీ నిర్ణయించలేము. పంక్తిలో ముందో వెనుకో అంతేవాసిని తెలిపే పదమో, సర్వనామమో మిగిలి, దాని అంతం ‘స’ అయితే దాత భిక్షువు, ‘య’ అయితే భిక్షుణి. ఈ పరీక్ష చేయకుండా అలవాటు కొద్దీ భిక్షువు అని పూరిస్తే, తన పేరుతో దానం చేసిన ఒక భిక్షుణి చరిత్ర నుండి తొలగిపోతుంది. ఆ కాలపు సంఘంలో భిక్షుణుల స్థానాన్ని లెక్కగట్టే పరిశోధన అంతా ఇలాంటి చివరి అక్షరాల మీదనే నిలిచి ఉంది.

నోటి చరిత్రలో

మాటను నమోదు చేసేటప్పుడు ఇదే బాధ్యత తిరగబడి ఎదురవుతుంది. గొల్లపల్లి వంటి ఊళ్ళలో వృద్ధులు చెప్పే వలస కథలను, గుడి కథలను, ఊరు ఖాళీ అయిన రోజుల జ్ఞాపకాలను కోయలోనో గోండిలోనో విని తెలుగులోనో హిందీలోనో వ్రాసుకొనేవారు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, స్త్రీల బృందాన్ని సూచించే ‘అవ్’ను తెలుగు ‘అవి’గా మార్చరాదు. ధ్వని ఒకటైనా వ్యవస్థ వేరు. తెలుగులో సరైన మాట ‘వారు’. రెండవది, ‘వారు’ అని వ్రాసినప్పుడు ఒక సమాచారం పోతుంది. గోండి వాక్యం ఆ బృందంలో పురుషులు లేరని చెప్పింది, తెలుగు ‘వారు’ ఆ సంగతి చెప్పదు. నీళ్ళకు వెళ్ళినది ఎవరు, ఊరు విడిచి ముందుగా నడిచినది ఎవరు, వెనుక మిగిలినది ఎవరు అన్నది సాక్ష్యంలో ముఖ్యమైనప్పుడు ‘ఆ స్త్రీలు’ అని విప్పి వ్రాయాలి. మూడవది, ఏకవచనపు ‘అద్’ స్త్రీయో వస్తువో గోండిలోనూ సందర్భమే చెబుతుంది. సందేహం ఉంటే కూర్చున్నచోటే అడిగి వ్రాసుకోవాలి. తిరిగి వచ్చాక బల్ల దగ్గర ఊహించరాదు.

అన్ని చోట్లా మూల భాషలోని వాక్యాన్ని, కనీసం సర్వనామాన్ని, క్రియను, అనువాదం పక్కనే భద్రపరిస్తే తరువాతి పరిశోధకుడు తన తీర్పు తాను చెప్పుకోగలడు. స్టీఫెన్ టైలర్ 1969లో వెలువరించిన గొమ్ము కోయ వ్యాకరణం వంటి వర్ణనలు ఈ పనిలో సాయపడతాయి. అయితే మాండలికానికీ మాండలికానికీ ప్రత్యయాలు మారతాయి గనుక చెప్పేవారి మాటే అంతిమ ప్రమాణం.

బోధకులకు

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలని చెబుతున్నది. 2020 జాతీయ విద్యావిధానం కూడా, వీలైనచోట కనీసం 5వ తరగతి వరకు మాతృభాషలో బోధన జరగాలన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ప్రారంభమైన బహుభాషా విద్యా కార్యక్రమం ఎంచుకొన్న గిరిజన భాషలలో కోయ, గోండి ఉన్నాయి. ఈ విధానాల విలువ తరగతి గదిలో ఒక చిన్న మార్పుతో మొదలవుతుంది. ‘తప్పు’ అని దిద్దేముందు ‘మీ ఇంట్లో దీన్ని ఎలా అంటారు?’ అని అడగడమే ఆ మార్పు. బిడ్డ తన భాషలోని వాక్యం చెబుతుంది. ఉపాధ్యాయుడు దాని పక్కన తెలుగు వాక్యం వ్రాస్తాడు. భేదించే గడి నల్లబల్ల మీద అందరికీ కనిపిస్తుంది. తన భాషకూ నియమం ఉందని ఆ బిడ్డ మొదటిసారి వింటుంది.

పాలి తరగతికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. పదరూపావళి వల్లింపు అవసరమే, అయితే అది ఒక్కటే చాలదు. తెలుగుకూ పాలికీ కలిసే గళ్ళు ఏవో ముందుగా చెప్పి, కలవని గళ్ళ మీద సమయం వెచ్చించాలి. విశేషణ లింగం, అర్థంతో నిమిత్తం లేని నామలింగం, కర్మను అనుసరించే కృదంతం అనే మూడు చోట్లా తెలుగు విద్యార్థికి అదనపు సాధన కావాలి. పదబంధంతో మొదలుపెట్టి, తరువాత కర్తా క్రియా పక్కపక్కనున్న వాక్యాలు, చివరికి నడుమ మాటలు చేరిన దీర్ఘవాక్యాలు ఇవ్వడం మేలు.

ధర్మాన్ని ఏ భాషలో నేర్చుకోవాలన్న ప్రశ్న సంఘానికి కొత్తది కాదు. బ్రాహ్మణ కులంలో పుట్టిన ఇద్దరు భిక్షువులు, నానా జనపదాల నుండి వచ్చినవారు తమ తమ పలుకుబడితో బుద్ధవచనాన్ని చెడగొడుతున్నారని ఫిర్యాదు చేసి, దానిని ఛందోబద్ధమైన భాషలో పెడతామని కోరిన ఘట్టం వినయపిటకంలోని చుల్లవగ్గలో ఉంది. బుద్ధుడు ఆ కోరికను తిరస్కరించి ‘సక నిరుత్తి’లో నేర్చుకోవడానికి అనుమతించాడు. ఆ పదానికి బుద్ధుని స్వంత భాష అని అట్ఠకథాచార్యుడు బుద్ధఘోషుడు అర్థం చెప్పాడు. నేర్చుకొనేవారి స్వంత భాష అని ఆధునిక పండితులలో అనేకులు చెబుతారు. ఏ అర్థం తీసుకొన్నా, పలుకుబడిలో భేదాన్ని చూపి మనిషిని తక్కువ చేసిన ఫిర్యాదు అక్కడ చెల్లలేదు. మజ్ఝిమనికాయంలోని అరణవిభంగ సుత్తం కూడా ఒకే పాత్రకు ఒక్కొక్క జనపదంలో ఒక్కొక్క పేరు ఉంటుందని గుర్తుచేసి, తన ఊరి మాటే సత్యమని పట్టుబట్టవద్దని బోధిస్తుంది.

పాత్ర పేరుకు వర్తించిన ఆ వివేకం క్రియ చివరి ప్రత్యయానికీ వర్తిస్తుంది. అయితే పట్టుబట్టకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. శాసనంలోని ‘య’ను పట్టించుకొన్నవారికే భిక్షుణి కనిపిస్తుంది. గోండి మాటలోని ‘అవ్’ను పట్టించుకొన్నవారికే ఆ దారిన నడిచినవారందరూ స్త్రీలేనని తెలుస్తుంది. ‘ఆడపిల్లలు వచ్చాయి’ అన్న వాక్యాన్ని పట్టించుకొన్న ఉపాధ్యాయునికే, ఎదురుగా కూర్చున్న బిడ్డ ఒక వ్యాకరణాన్ని పూర్తిగా నేర్చుకొని రెండవదానిలోకి అడుగుపెడుతున్నదని అర్థమవుతుంది.